పిల్లి ఎక్కని మేడ

ఆ శుక్రవారం ఉదయం అయిదున్నరకి దీనా వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త అమృతరావు కాశీపూర్ బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళిపోతాడు. సాయంత్రం అతను రాయగడ తిరిగొచ్చేలోగా, లోపలి గదిలో ఉన్న పిల్లి మేడని ఎవరికో ఒకరికి ఇచ్చి పంపేయాలి. అంతే.

పిల్లి మేడ అన్న పేరు అత్తగారు ఏసమ్మ పెట్టింది. మూడంతస్తులు, పీచుతాడు చుట్టిన స్తంభాలు, మధ్యలో చిన్న గది, అన్నిటికన్నా పైన మెత్తటి అరుగు, దానికి వేలాడే ఊలు బంతి. ఏ దేశపు పిల్లో అలాంటిదాని మీద కాళ్ళు బారజాపి నిద్రపోవడం అమృతరావు ఫోనులో చూశాడు. చూసి ఊరుకోకుండా తెప్పించాడు. ఓ ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని బిగించాడు. బిగించడం అయ్యాక రెండు బోల్టులు మిగిలాయి. అవి అదనంగా పంపించారని చెప్పాడు.

ఆ ఇంటి పిల్లికి వేరే పేరంటూ లేదు. వానలో తడుస్తూ వచ్చిన రోజున ఏసమ్మ దాన్ని "రా అమ్మీ" అని పిలిచింది. ఆడపిల్లల్ని అందరూ పిలిచే ఆ పిలుపే దానికి పేరై కూర్చుంది. అమ్మి మేడ చుట్టూ ఒకసారి తిరిగింది, వాసన చూసింది, మొహం తిప్పుకుని వెళ్ళి ఇన్వర్టర్ మీద పడుకుంది. ఆరు నెలలుగా అక్కడే పడుకుంటోంది. అమృతరావు పట్టు వదల్లేదు. రెండుసార్లు ఎత్తుకెళ్ళి పై అంతస్తులో కూర్చోబెట్టాడు. రెండోసారి అది అతన్ని మోచేతి దాకా గీరింది. తర్వాత ఎవరో చెబితే స్తంభాలకి ఎండుచేప రుద్దాడు. పిల్లి రాలేదు, చీమలొచ్చాయి.

"అలవాటవడానికి టైము పడతాదే. మనుషులకే పడతాది," అనేవాడు దీనాతో.

దీనాకి ఇప్పుడు ఆ టైము లేదు. అమృతరావు చెల్లెలు ప్రవీణ పెళ్ళి మూడు వారాల్లోకి వచ్చేసింది. ప్రవీణ ఊళ్ళోనే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళికొడుకు సంజయ్ కుమార్ పద్మపూర్‌లో హైస్కూలు మాస్టారు. ప్రధానం జరిగి ఆరు నెలలైంది. కుట్టు మిషను, గిన్నెలు, పరుపు, దుప్పట్లు అన్నీ లోపలి గదిలోనే పేర్చారు. వాటి వెనక గోడకి ఆనుకుని, గదిలో సగం మింగేసి, పిల్లి మేడ. పలాస నుంచి, పార్వతీపురం నుంచి చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటారని దీనా వారం రోజులుగా అడుగుతోంది. ఆదివారం మాట్లాడదాం అన్నాడు అమృతరావు.

వాయిదాలు వేయడంలో అతనికి మంచి అభ్యాసం ఉంది. ప్రధానం నాడు పెళ్ళికొడుకు తల్లి దొర్కమ్మగారు, పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానేసి పద్మపూర్‌లో ఉంటుందని అందరి ముందూ ప్రకటించింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ప్రకటించాక సందేహమంటూ చెయ్యెత్తే అలవాటు ఎవరికీ లేదు. ప్రవీణ కూడా అప్పుడు ఎత్తలేదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నయ్యతో, తను ఉద్యోగం మానననీ, ఆ మాట పెద్దవాడిగా అతనే వాళ్ళకి చెప్పాలనీ అంది. మంచి సమయం చూసి చెబుతానన్నాడు అమృతరావు. ఆరు నెలలుగా మంచి సమయం చూస్తూనే ఉన్నాడు. అడగడం మానేసిన ప్రవీణ ఈ మధ్య అన్నం దగ్గర కూడా మాట్లాడడం తగ్గించింది.

ఆ సంగతి అలా ఉండగా, దీనా తను పాఠాలు చెప్పే ఎండాకాలపు ఒంటిపూట బడికి ఆరుంబావుకల్లా చేరాలి. ఒక చేత్తో పెనం మీద దోసె తిప్పుతూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని, టైపు చేసే తీరిక లేక నోటితోనే చెప్పింది. తెలుగు చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఉన్న రెండువందల మందికీ వినయంగా ఒక మనవి. పంపేసి, ఫోను సంచిలో పడేసి, దోసె తీసింది. ఏం వెళ్ళిందో చదువుకోలేదు.

ఆవిడ చెప్పింది పిల్లి. ఫోను విన్నది పెళ్ళి. తెలుగు సంఘం ఉదయం ప్రార్థన ముగించి ఫోన్లు తీసేసరికి కనిపించిన మెసేజి ఇది:

"అందరికీ వందనాలు. మా ఇంట్లో పెళ్ళి సామాను ఉంది. వాడలేదు, కొత్తగానే ఉంది. ఆరు నెలలు ఓపిక పట్టాం. ఇంక కుదరదని తేలిపోయింది. కావలసినవారు ఈరోజే వచ్చి తీసుకెళ్ళగలరు. ఊరికే ఇస్తాం."

బడిలో పరీక్షలు జరుగుతున్నాయి. టీచర్ల ఫోన్లన్నీ హెడ్‌మాస్టరుగారి బీరువాలో పెట్టి తాళం వేశారు. దీనా ఫోను ఆ బీరువాలో పొద్దున్నంతా మోగుతూనే ఉంది. ఆవిడ పక్క గదిలో ప్రశాంతంగా ప్రశ్నపత్రాలు పంచుతోంది.

అమృతరావు మాత్రం అందుబాటులోనే ఉన్నాడు. బస్సు ఘాటీ ఎక్కుతుండగా, సిగ్నలు వచ్చీ రానట్టున్న చోట, సాంసన్ మాస్టారి ఫోను వచ్చింది. మాస్టారు సంఘపెద్ద. ప్రవీణ సంబంధం కుదిర్చింది ఆయనే. అబద్ధమాడని మనిషి, ఎవరైనా ఆడతారని అనుమానించని మనిషి.

"అమృతం, మెసేజీ సూసేను నాయనా. సామాను ఇచ్చీస్తన్నామని దీనమ్మ గ్రూపులో పెట్టింది. నిజవేనా?"

అమృతరావుకి విషయం అర్థమైపోయింది. భార్య తనని బస్సెక్కించి మేడని సాగనంపుతోందన్నమాట.

"పెట్టీసిందా అండి? ఆదివారం మాటాడదామని సెప్పేను. ఆగలేదు సూడండి."

"అయితే నీకిష్టం లేదు."

"నాకెలాగుంటాదండి? ఏరి కోరి తెచ్చింది నేనే గదా."

మాస్టారు నిట్టూర్చారు. "మరి అమ్మి ఏటంటోంది?"

అంత పెద్దాయన తమ ఇంటి పిల్లి అభిప్రాయం కూడా కనుక్కుంటున్నందుకు అమృతరావు మనసు కరిగిపోయింది. ఆరు నెలలుగా ఇంట్లో ఎవరూ వినని గోడు ఆయన ముందు వెళ్ళబోసుకున్నాడు.

"అదేటంటాదండి. మొదటి రోజే సుట్టూ తిరిగి, వాసన సూసి, మొగం తిప్పీసుకుంది. నేనే రెండుసార్లు ఎత్తుకెళ్ళి కూర్సోబెట్టేను. రెండోసారి గీరీసింది."

"ఎవర్ని?"

"నన్నేనండి. మోసెయ్యి దాకా."

మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. "వాసనేటి నాయనా?"

"కొత్తలో ఏదో ఉంటాది గదండి. మనకి తెలీదు. దానికి పడలేదు. పోనీ అని ఎండుసేప కూడా రాసి సూసేను..."

అక్కడ బస్సు మలుపు తిరిగింది, సిగ్నలు పోయింది.

సాంసన్ మాస్టారు డైరీలో పద్మపూర్ నంబరు వెతికారు. సంబంధం తను కుదిర్చింది కాబట్టి, ఎంత కష్టమైనా ఆ మాట అవతలివాళ్ళకి తనే చెప్పాలి. పద్మపూర్‌కి ఫోను చేశారు. తనకి తెలిసింది తెలిసినట్టే చెప్పారు. ఒక్క ఎండుచేప సంగతి మాత్రం అర్థం కాక వదిలేశారు.

ఈలోగా ఇంటి దగ్గర ఏసమ్మ పెరటి వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరైనా వస్తే లోపలి గదిలోది ఇచ్చేయమని కోడలు చెప్పి వెళ్ళింది. పది కాకుండానే పాస్టరమ్మగారు వచ్చారు. వెంట స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, వీధిలో ఓ వ్యాను. నారాయణపట్నంలో తల్లీతండ్రీ లేని ఓ పిల్లకి మర్నాడు పెళ్ళి. వాళ్ళెలాగూ అక్కడికే బయల్దేరుతున్నారు. మెసేజి చూడగానే, ఒక ఇంట్లో ఆగిపోయిన పెళ్ళి ఇంకో ఇంట్లో శుభానికి పనికొస్తుందని పాస్టరమ్మగారికి తోచింది. కానీ ఆ మాట పైకి ఎలా అంటారు? ఏసమ్మ చేతులు పట్టుకుని, మీ మనసు ఎంత నొచ్చుకుందోనని మాత్రం అన్నారు.

"నొచ్చుకోడానికేటుంది పాస్టరమ్మా," అంది ఏసమ్మ. "ఇరుకు తగ్గుతాది. పట్టికెళ్ళిపొండి."

ఆ నిబ్బరానికి పాస్టరమ్మగారి కళ్ళు చెమ్మగిల్లాయి. కొన్నాళ్ళాగి ఇంకోటి చూస్తారా అని మెల్లగా అడిగారు.

"ఇంకోటా?" ఏసమ్మ చింతపండు పళ్ళెం పక్కన పెట్టింది. "అమృతం మళ్ళీ తెస్తానంటే నేనూరుకోను. దీంతోనే బుద్ధొచ్చింది."

పాస్టరమ్మగారు అక్కడే నిలబడి ఒక ప్రార్థన చేశారు. చెక్కముక్కల మేడ కోసం అంత పొడుగు ప్రార్థనెందుకో ఏసమ్మకి అర్థం కాలేదు గానీ, కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. మోకాళ్ళ నొప్పుల వల్ల లేవలేదు. లోపల గిన్నెలు మోగిన చప్పుడు వినిపిస్తే, బోల్టులు ఊడదీస్తున్నారు కాబోలు అనుకుంది. నాలుగు విడతల్లో గది ఖాళీ అయింది. చివర్న మిగిలిన మూడంతస్తుల వస్తువుని గది మధ్యకి లాగించి పాస్టరమ్మగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. అది పెళ్ళిలో దేనికి పనికొస్తుందో అంతుపట్టక, దాన్ని అలాగే వదిలేసి తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయారు.

పన్నెండున్నరకి దీనా వచ్చింది. ఫోను తీసి చూసే ముందు, మేడ పోయిందో లేదో చూద్దామని లోపలి గది తలుపు తీసింది.

మేడ ఉంది. మేడ తప్ప గదిలో ఇంకేమీ లేదు. కుట్టు మిషను లేదు. గిన్నెలు లేవు. పరుపు లేదు. ఖాళీ గది నడిమధ్య అది మునుపటికన్నా పెద్దగా కనిపించింది. ఊలు బంతి మెల్లగా ఊగుతోంది.

"అత్తా, సామానేదీ?"

పాస్టరమ్మ పట్టికెళ్ళిందని ఏసమ్మ వసారాలోంచే చెప్పింది. ప్రార్థన కూడా బాగా చేసిందని మెచ్చుకుంది. దీనా ఫోను కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అది బయటికి తీయకముందే వీధిలో కారాగింది.

దిగినవాళ్ళు ముగ్గురు. ముందు దొర్కమ్మగారు. వెనక పెళ్ళికొడుకు సంజయ్ కుమార్. దారిలో ఎక్కించుకున్న సాంసన్ మాస్టారు. అయితే వాళ్ళకన్నా ముందు గుమ్మం దాటింది సెంటు వాసన. మాస్టారి ఫోను వచ్చిన తర్వాత దొర్కమ్మగారు కొడుకుచేత రెండుసార్లు స్నానం చేయించి, ఇంట్లో ఉన్న సెంటు సీసా అతని మీద ఖాళీ చేయించారు. కారులో అద్దాలు దించుకునే వచ్చారు. అయినా మాస్టారి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

దొర్కమ్మగారు కూర్చోలేదు. తమలో లోపముంటే మొహాన చెప్పాలి గానీ రెండువందల మందిలో పెడతారా అని దీనాని అడిగారు. పద్మపూర్ వరకూ వినిపించిందన్నారు. పిల్లి మేడ ఇచ్చేయడం ఇంత నేరమెలా అయిందో దీనాకి తెలియలేదు. తమని ముందుగా అడగలేదని కోపం కాబోలు అనుకుంది. ఆ కంగారులో, మర్యాద తప్పకూడదని, నోటికొచ్చింది అనేసింది.

"అంత మనసుంటే మీరే పట్టికెళ్ళిపొండి అత్తయ్యగారూ. ఆరు నెలలై మూల పడుంది. మాకేటీ ఉపయోగం లేదు."

దొర్కమ్మగారు కొడుకు వైపు చూశారు. సంజయ్ కుమార్ తల దించుకున్నాడు. ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఆవిడ్ని ఎవరూ అలా కూర్చోబెట్టలేదు. కూర్చున్న చోటి నుంచి లోపలి గది కనిపించింది. ప్రధానమప్పుడు సామాను పేర్చి ఉండగా ఆవిడే చూసిన గది. ఇప్పుడు ఖాళీ. ఇక ఋజువులేం అక్కర్లేకపోయింది.

ఆ సమయానికి అమృతరావు సగం రోజు సెలవు పెట్టి దిగాడు. ఆఫీసుకి చేరిన దగ్గర్నుంచి సంఘంలో సగంమంది, గ్రూపు తెరిచి చూసే సందు కూడా ఇవ్వకుండా, ఫోను చేసి ఓదార్చారు. ఒక్క మేడ కోసం ఇంతమంది దుఃఖపడడం చూసి అతనికి భయమేసింది. దొర్కమ్మగారిని చూడగానే ఆ భయం రెట్టింపై, నమస్కారం పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మాస్టారు అతని మోచేతి మీద గీతలు చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

చివర్న ప్రవీణ వచ్చింది. డ్యూటీలో తను సొంత ఫోను చూడదు. మాస్టారు ఆసుపత్రికి ఫోను చేసి, మీ అత్తగారొస్తున్నారు, ఒకసారి ఇంటికి రామ్మా అన్నారు తప్ప కారణం చెప్పలేదు. యూనిఫారంలోనే గుమ్మంలోకి వచ్చి, తుమ్మి, అందరి మొహాలూ చూసింది. అన్నయ్య ఎట్టకేలకు ఆ మాట చెప్పేసినట్టున్నాడని అనుకుంది. చెప్పిన మాట వల్లే అందరూ ఇలా ఉన్నారని అనుకుంది. అన్నయ్య మీద ఆరు నెలల కోపం ఆ క్షణంలో పోయింది.

దొర్కమ్మగారి గొంతులో హెడ్‌మిస్ట్రెస్ లేదు. "అమ్మీ, నీకేటి నచ్చలేదో నీ నోటితోనే సెప్పు. మావోడిలో ఏటి లోపముంది?"

"ఆయనలో లోపమేటీ లేదత్తా," అంది ప్రవీణ. "నేను ఉద్యోగం మాన్లేను. ఆ రోజే సెప్పవలసింది. అందరూ ఉన్నారని సెప్పలేకపోయేను. పద్మపూర్ రమ్మంటే వస్తాను, పక్కనున్న గునుపూర్‌కి ట్రాన్సఫర్ పెట్టుకుంటాను. మానీమంటే మాత్రం ఈ పెళ్ళి వద్దు."

సరిగ్గా అప్పుడే, ఏం జరిగిందో తెలుసుకుందామని దీనా ఫోను తీసి తను పొద్దున్న పంపిన మెసేజి చదివింది. పిల్లి ఉండాల్సిన చోట పెళ్ళి ఉంది. దాని కింద నూటనలభై ఓదార్పులున్నాయి. చెప్పేద్దామని దీనా నోరు తెరిచింది. తెరిచిన నోరు, దొర్కమ్మగారి మొహం చూసి, మళ్ళీ మూసింది. ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పైట కప్పింది.

దొర్కమ్మగారు ప్రవీణ వైపే చూస్తున్నారు. చర్చిలో రెండు ఆదివారాలు ప్రకటన చదివేసిన పెళ్ళి. శుభలేఖలు మూడువందలు పంచేసిన పెళ్ళి. దారి పొడుగునా ఆవిడ ఊహించుకున్నవి వేరు.

"ఉద్యోగవా?" అన్నారావిడ. "ఇంతేనా?"

"ఇంతేనత్తా."

"నేను మానమన్లేదు," అన్నాడు సంజయ్ కుమార్. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అదే. ప్రధానం నుంచీ కూడా అదేనేమో.

"నువ్వూరుకో," అని, దొర్కమ్మగారు సాంసన్ మాస్టారి వైపు తిరిగారు. "మాస్టారూ, మీ ముందు సెప్తన్నాను. అమ్మి ఉద్యోగం సేసుకుంటాది. గునుపూరో రాయగడో వాళ్ళిద్దరూ సూసుకుంటారు. ఇంక నేను ఆ ఊసెత్తను. ఈ పెళ్ళి మాత్రం ఆగకూడదు."

మాస్టారు దేవునికి స్తోత్రం అన్నారు. ప్రవీణ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే, ఇంత సెంటెందుకు కొట్టుకున్నారని సంజయ్ కుమార్‌ని అడిగింది. అతను తల్లి వైపు చూశాడు. తల్లి మాస్టారి వైపు చూశారు. మాస్టారు అమృతరావు వైపు చూశారు.

అప్పుడు దీనా పైట కింద నుంచి ఫోను తీసింది. ఒక అక్షరం తేడా వచ్చిందండి, అని మొదలుపెట్టింది.

చెప్పడం అయ్యేసరికి పావుగంట పట్టింది. వాసన చూసింది ఎవరో, గీరింది ఎవరో, ఎత్తుకెళ్ళి దేని మీద కూర్చోబెట్టారో ఒక్కొక్కటే విడమర్చాల్సి వచ్చింది. అమృతరావు నేల చూపులు చూస్తూ సాక్ష్యం చెప్పాడు. సాంసన్ మాస్టారు ఎండుచేప సంగతి కూడా అడిగి తెలుసుకున్నారు. దొర్కమ్మగారు లేచి, ఇన్వర్టర్ దగ్గరికి వెళ్ళి, దాని మీద ముడుచుకుని పడుకున్న పిల్లి ముందు నిలబడ్డారు.

"ఈవిడేనా మా సంబంధం వద్దన్నాది?"

అమ్మి ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది.

దొర్కమ్మగారికి కోపం రావాలో నవ్వు రావాలో తేల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. మోసంతో పుచ్చుకున్న మాట చెల్లదంటారేమోనని దీనా భయపడింది. అయితే మాట ఇచ్చింది సంఘపెద్ద ముందు. హెడ్‌మిస్ట్రెస్‌గా ఆవిడ ఎప్పుడూ ఒకసారి వేసిన మార్కులు దిద్దలేదు. చివరికి ఏసమ్మ పక్కన వసారాలో కూర్చుని, అన్నం వడ్డించమన్నారు. ఏసమ్మకి అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. పెళ్ళి ఆగనందుకు సంతోషించాలంటే అసలు ఎప్పుడాగిందో ఎవరైనా చెప్పాలి గదా అంది.

మిగిలింది సామాను. పాస్టరమ్మగారికి ఫోను చేస్తే అప్పటికే అన్నీ నారాయణపట్నంలో ఆ పిల్ల ఇంట్లో దించేశారట. ఆ పిల్ల కుట్టు మిషను మీద చెయ్యి వేసుకుని కూర్చుని లేవడంలేదట. వెనక్కి తెమ్మంటారా అని పాస్టరమ్మగారు బిక్కచచ్చిపోయి అడిగారు. అందరూ ప్రవీణ వైపు చూశారు. ఉండనీయండి అంది ప్రవీణ. గిన్నెలదేముంది, పెళ్ళయ్యాక మొదటి నెల జీతంతో రెండు కొనుక్కుంటాం అంది. ఆ మాట అంటూ సంజయ్ కుమార్ వైపు చూసింది. అతను రెండు కాదు, నాలుగు అన్నాడు. సెంటు ఘాటుకి అందరికీ కళ్ళు మండుతున్నా, ఆ పూటకి ఎవరూ కిటికీ తీయమనలేదు.

సాయంత్రం వాళ్ళు పద్మపూర్ వెళ్ళిపోయాక, అమృతరావు స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆ మేడ ఇంట్లో ఉంటే సంఘంలో తలెత్తుకు తిరగలేననీ, ఎండుచేప గురించి ఇప్పటికే ముగ్గురడిగారనీ, దాన్ని తక్షణం విప్పి బయట పడేస్తాననీ అన్నాడు. దీనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆరు నెలల్లో నువ్వు చెయ్యలేని పనిని ఒక్కపూటలో చేసి పెట్టిన వస్తువుని ముట్టుకోడానికి వీల్లేదంది. పిల్లి ఎక్కదు గదా అన్నాడు అతను. ఎక్కకపోతే మానె, ఉంటాదంతే అంది ఆవిడ. చుట్టాలెక్కడ పడుకుంటారు అన్నాడు. గది ఖాళీ అయింది గదా అంది. ఏసమ్మ రెండు వైపులా విని, మనుషులకి అలవాటవడానికి ఎంత టైము పడుతుందో చూడండి అని అమ్మికి పాలు పోసింది.

పెళ్ళి అనుకున్న రోజునే, తెలుగు చర్చిలో, నిండు సభలో జరిగింది. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని అడిగాక, పాస్టరుగారు మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే ఆగారు.